బస్సు ఫ్రీ సరే.. మరి ఆ చార్జీ ఎవరు కడుతున్నారు?

ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీ శక్తి’ పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మరి ప్రభుత్వ సొమ్ము ఇలా ఖర్చు పెట్టడం సరైనదేనా అన్నదే ఇప్పుడు జనంలో చర్చ.

నిజానికి ఈ ప్రయాణం ‘ఉచితం’ కాదు. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ మీద లెక్క నడుస్తుంది. ఆ టికెట్ల విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. ఏడాదికి దాదాపు 1,942 కోట్ల రూపాయలు అవుతుందని ప్రభుత్వ అంచనా. అంటే మన పన్నుల డబ్బే. అందుకే ‘ఫ్రీయే కదా’ అని టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు. టికెట్ కొట్టకపోతే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు.

గరికపాడు లాంటి సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. జగ్గయ్యపేట, నందిగామ కాలేజీకో, ఆసుపత్రికో పోతే చార్జీ లేదు. అదే కోదాడలో ఉన్న ఖాలా ఇంటికి పోవాలంటే టికెట్ కొనాల్సిందే. అంతర్రాష్ట్ర సర్వీసులకు స్త్రీ శక్తి వర్తించదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తున్న ‘మహాలక్ష్మి’ ఆ రాష్ట్రం ఆడవాళ్లకే. వాళ్లకైనా సరిహద్దు వరకే ఫ్రీ, ఇవతలికి వస్తే చార్జీ కట్టాలి. రెండు ప్రభుత్వాల ఖజానాలు వేరు కాబట్టి ఈ గీత.

ఈ పథకం మీద ఒకే ఇంట్లో కూడా రెండు మాటలు వినపడతాయి. కాలేజీకి పోయే అమ్మాయికి, మందులకు పోయే నానీకి చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. ఆటో నడిపే అబ్బాకు మాత్రం గిరాకీ తగ్గుతుంది. ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయలు ఇచ్చే పథకాన్ని ప్రభుత్వం 2025 అక్టోబర్ 4న ప్రారంభించింది. కానీ అది సొంత బండి ఉన్నవాళ్లకే. అద్దె ఆటో నడిపేవాళ్లకు రాదు.

టికెట్ కొనే మగవాళ్లది మరో బాధ: డబ్బులిచ్చి కూడా నిలబడే పోవాలి. ఇది కొట్టిపారేసే మాట కాదు. అలాగని ఆడవాళ్ల తప్పూ కాదు. జనం పెరిగినంత వేగంగా బస్సులు పెరగకపోతే రద్దీ తప్పదు. ప్రభుత్వం బకాయి పెడితే ఆర్టీసీ కొత్త బస్సులు కొనలేదు, పాతవాటిని సరిగా చూసుకోలేదు.

కాబట్టి ‘పథకం ఉండాలా, పోవాలా’ అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆర్టీసీకి డబ్బు నెలనెలా అందుతోందా? మన రూట్‌లో కాలేజీ టైముకు బస్సు ఉందా? అద్దె ఆటోవాళ్ల సంగతేమిటి? గ్రామసభలోనూ, డిపో మేనేజర్‌కు ఇచ్చే అర్జీలోనూ, ఓటు అడగడానికి వచ్చినవాళ్ల దగ్గరా అడగాల్సినవి ఇవే. బస్సే రాని ఊరికి ఫ్రీ టికెట్ ఇచ్చినా లాభం లేదు.