ఉగాది బల్లకు చక్కెర పేర్ల కేకు



పండుగపూట బల్ల నడుమ నొక యందమైన తీపి పదార్థము నుంచి, దానిచుట్టు ఇంటివారెల్లరు కూడుట యిప్పుడు మన యిండ్లలోను వాడుక యగుచున్నది. ఒకప్పుడు పుట్టినరోజునకే వచ్చెడి కేకు నేడు ఉగాదినాడును, క్రైస్తవ సోదరీమణుల యిండ్లలో ఈస్టరునాడును కానవచ్చుచున్నది. ఇది పరదేశపు వంటకము, మన పండుగకు తగదని పెద్దలు కొందరందురు. పేరు క్రొత్తది గాని భావము క్రొత్తది కాదు. అమరకోశమున పూపము, అపూపము, పిష్టకము అను మాటలు పిండితో చేసిన యప్పమునకు పర్యాయపదములుగా నున్నవి. కనుక తగునా తగదా యను వాదము నిచట చేపట్టము. మేము చెప్పదలచినది యొక్కటే: చైత్రపు టెండలో, ఉదయ మలంకరించిన కేకు రాత్రివరకు చెదరక నిలుచునట్లు చేయుట యెట్లు?

రాత్రివరకు నిలుపనేల యని పట్టణముల సోదరీమణులు ప్రశ్నింతురేమో. మేము కాపురముండు రామకృష్ణాపూర్ మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల యూరు. మావారు బడిపంతులు గనుక మా యింట భోజనవేళకు తప్పు రాదు. కాని మా యిరుగుపొరుగున సింగరేణి కార్మికుల కుటుంబములు పెక్కు గలవు. గనిపని మూడు షిఫ్టులుగా నడచును. పండుగనాడు బొగ్గు త్రవ్వుట నిలిచినను, భూమిలోపల నూరు నీటిని తోడివేయు పంపులును, గాలిని పంపు పంకాలును నిలువరాదు. వానిని కనిపెట్టియుండుటకు కొందరు పోక తప్పదు. అట్టివారి యింట ఉదయము పచ్చడి తినువా రొకరు, మధ్యాహ్నము భుజించువా రింకొకరు, అర్ధరాత్రమున తలుపు తట్టువా రొకరు. ఆ చివర వచ్చువానికి పండుగ మిగిలియుండవలెనని యిల్లాలి కోరిక.

మా ప్రక్కయింటి సోదరి యొక యుగాదికి దుకాణమునుండి వెన్నపూలు దీర్చిన కేకు తెప్పించినది. భర్త రెండవ షిఫ్టునకు పోయెను. ఆయన వచ్చిన పిదపనే కోయుదమని పిల్లలను బుజ్జగించి, దానిని బల్లపై మూసియుంచినది. మధ్యాహ్నము మూడు గంటలకే పూలన్నియు ప్రక్కకు జారి పళ్లెములో చేరినవి. "పొద్దటిసంది ఎవ్వరినీ ముట్టనీయలేదక్కా! ఇప్పుడు ఆయనకేం జూపించాలె?" అని యామె కన్నుల నీరు పెట్టుకొన్నది. ఆ సొమ్ము పోయినందుకు కాదు, కాచియుంచినది కరగిపోయినందుకు.

ఇందలి కారణము మన వంటింటివారికి తెలియనిది కాదు. వెన్న సుమారు 32 నుండి 35 డిగ్రీల వేడికే కరగిపోవును. మార్చి నెలాఖరునకు మా ప్రాంతమున పగటివేడి 38, 40 డిగ్రీలను తాకుట యరుదు కాదు. ఇక పంచదారయో, 160 డిగ్రీలకు పైబడిన వేడి తగిలినగాని కరగదు. దాని శత్రువు ఎండ కాదు, తడి. వెన్న యెండకు జంకును. చక్కెర చెమ్మకు జంకును. చైత్రమున మన గాలిలో ఎండ హెచ్చు, చెమ్మ తక్కువ. కావున వసంతపు బల్లకు వెన్న యలంకారము విడిచి చక్కెర యలంకారమును పట్టుట యుక్తము.

ఈ సూక్ష్మము మన పూర్వులకు తెలిసినదే. కాముని పున్నమికి, అనగా హోలీకి, తెలంగాణపు టంగళ్లలో చక్కెర పేర్లు వ్రేలాడుచుండును. పిల్లల మెడలలో వేయుదురు. మహారాష్ట్రమున వానినే గాఠీ యని పిలిచి, మన యుగాదినాడే వచ్చు గుడీపాడ్వా పండుగకు గుడికి కట్టుదురు. చెక్క యచ్చులో దారము పరచి, చిక్కని పాకము పోసి, చల్లారినపిదప అచ్చు విప్పినచో బిళ్లలన్నియు దారమునకు గ్రుచ్చుకొని హారమై వచ్చును. ఈ పాకము మిక్కిలి వేడిది. చేయి కాలిన ప్రమాదము గనుక దీనిని చేయు పని నేర్పరులకే విడిచి, మనము కొనుటయే మేలు. ఫాల్గుణ పున్నమికి కొన్న పేరు, చైత్ర శుద్ధ పాడ్యమి వరకు పదునైదు దినములు తడి తగులని డబ్బాలో చక్కగా నిలుచును.

పడమటి దేశములలోను ఇట్టి యుపాయమే కలదు. ఫ్రాన్సుదేశపు ఆల్సేసు సీమలో ఈస్టరు పండుగ బల్లకు గొఱ్ఱెపిల్ల యాకారమున కేకు చేయుదురు. సూఫ్లెన్‌హైము గ్రామపు కుమ్మరులు చేయు రెండు చెక్కల మట్టి యచ్చులో పిండి పోసి కాల్చి, పైన పొడి పంచదార మాత్రమే చల్లుదురు. అందము అచ్చులో నున్నది గాని వెన్నపూతలో లేదు.

ఇక చేయువిధానము. 240 మిల్లీలీటర్ల గిన్నెను కొలతగా గొనుడు.

పులియని పెరుగు 1 గిన్నె, పంచదార ముప్పాతిక గిన్నె కలిపి పంచదార కరగువరకు చిలుకుడు. అందు బేకింగు పౌడరు ఒకటింబాతిక చెంచా, వంటసోడా అరచెంచా వేసి అయిదు నిమిషము లుంచుడు. పెరుగులోని పులుపు సోడాతో కలియగా గాలిబుడగలు పుట్టును. కేకు పొంగుట కివియే కారణము. పిమ్మట వాసనలేని నూనె అర గిన్నె, జల్లించిన మైదా గిన్నెన్నర, ఉప్పు చిటికెడు, ఏలకులపొడి అరచెంచా చేర్చి ఉండలు లేకుండ కలుపుడు. ఎక్కువసేపు కలిపినచో కేకు గట్టిపడును. ఇది 7 అంగుళముల గిన్నెకు సరిపోవును. పై యంతస్తునకు ఇందులో సగము కొలతతో 5 అంగుళముల గిన్నెలో వేఱొకటి చేయుడు. గిన్నెలకు ముందే నూనె రాచి మైదా చల్లవలెను.

పొయ్యిపెట్టె లేనివారు కుక్కరులో ఉప్పు అంగుళము మందమున పరచి, పైన చిన్న పీట నుంచి, రబ్బరు పట్టీయు విజిలును తీసివేసి, నీరు పోయక పది నిమిషములు వేడి చేయుడు. పిదప గిన్నె నుంచి సన్నని సెగపై పెద్దదానిని 40, 45 నిమిషములు, చిన్నదానిని సుమారు 30 నిమిషములు కాల్చుడు. పుల్ల గ్రుచ్చిన పిండి యంటరాదు. ఈ పని పండుగ ముందటి రాత్రి చేసి, పూర్తిగా చల్లార్చి మూసియుంచుడు.

ఉదయము పూత. మెత్తని పంచదారపొడి 2 గిన్నెలలో నిమ్మరసము బొట్టుబొట్టుగా, రెండున్నర మూడు పెద్ద చెంచాల వరకు, దోసెపిండికన్న చిక్కగా నుండునట్లు కలుపుడు. ఇందు నాల్గవవంతు తీసి చిటికెడు పసుపు కలిపి వేఱుగా నుంచుడు. నిమ్మపులుపు వలన పసుపు వన్నె చెడదు. సోడా తగిలినచో ఎఱ్ఱబారును గనుక ఆ చెంచా నిందు ముంచరాదు. పెద్ద కేకుపై చిన్న కేకు నుంచి తెల్లని పూత పోసి జారనిండు. రెండు గంటలలో పైపొర యారి గట్టిపడును.

ఆరినపిదప పసుపు పూతను కాగితపు పొట్లములో పోసి, కొన సన్నగా కత్తిరించి, పైన ముగ్గు పెట్టుడు. దినమును వాకిట చుక్కలు పెట్టు చేతికి వేఱు శిక్షణ మేల? చుట్టు చిన్న చుక్కలు, నడుమ నొక పద్మము చాలును. పద్మము నడుమ, నీడన ఆరబెట్టిన వేపపువ్వు నాలుగు రేకులుంచుడు. పండుగ తీపిలో చేదునకును చోటుండవలెను గదా. రెండంతస్తుల నడుమ నొక చక్కెర పేరును, అడుగున నింకొక పేరును చుట్టుడు. పూత యారకముందు చుట్టినచో బిళ్లలు తడిసి అంటుకొనును. పళ్లెము చుట్టు మామిడియాకులు కడిగి, తుడిచి, తొడిమ జిగురు లేకుండ చూచి, కేకునకు తగులకుండ పరచుడు. బల్ల లేనియింట పీటయే బల్ల.

మరుసటి యుగాదికి మా ప్రక్కయింటి సోదరియు మేమును కలిసి యిట్లే చేసితిమి. బొగ్గుదుమ్ము పడకుండ పలుచని వలమూత కప్పితిమి. ఆమె భర్త అర్ధరాత్ర ప్రాంతమున వచ్చినప్పుడు పూత పగులలేదు, ముగ్గు చెదరలేదు. నిద్రించు పిల్లలను లేపి, మొదట పచ్చడి నాలుకకు రాచి, పిదప ఆయన చేతనే కోయించినదట.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. మీగడ లేక పాలక్రీము పూసిన కేకును రెండు గంటలకు మించి బయట నుంచరాదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటయే హద్దు. పై విధానమున చేసిన దానినైనను పండుగరాత్రితో ముగింపుడు. చక్కెర పేర్లను దుమ్ములో వ్రేలాడువానిని గాక మూసియున్నవానిని, ముదురురంగు లేని తెల్లనివానిని కొనుడు. పిల్లలకిచ్చునప్పుడు దారము తీసివేయుడు. పసివారికి గట్టి బిళ్లలు గొంతున చిక్కును. మధుమేహమున్న పెద్దలకు ముక్క చిన్నదిగా కోసి, పేరు బిళ్లలు లేకుండ నిండు.

బల్ల నడుమ నుంచు పదార్థము చూపునకు మాత్రమే కాదు. అది యింకను రానివారి చోటును కాపాడును. అందఱు ఒకేసారి కూర్చుండు భాగ్యము గలయిండ్లలో కేకు ఎట్టిదైనను సరిపోవును. ఎదురుచూచు యిండ్లలో మాత్రము, ఎదురుచూడగలిగిన కేకు కావలెను.