వృద్ధ రోగులు - స్వావలంబనము

75 ఏండ్ల వృద్ధుడు న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరెననుకొందము. జబ్బుపడకముందు ఆయన తన పనులు తానే చేసికొనుచు, బజారునకు నడచి పోవుచుండెడివాడు. పదిదినములలో జ్వరము తగ్గినది. కాని ఇల్లు చేరిన పిమ్మట మంచముమీదినుండి లేచుటకే ఒకరు చేయి అందీయవలసి వచ్చినది. రోగము నయమైనది, మనిషి మాత్రము పరాధీనుడైనాడు. ఈ ప్రమాదమును ముందుగా కనిపెట్టుట సాధ్యమా?

ఇది అరుదైన సంగతి కాదు. అమెరికాలో, 70 ఏండ్లు దాటిన రోగులపై జరిపి 2003లో ప్రకటించిన పరిశీలనలో, నూటికి సుమారు 35 మంది జబ్బుకు పూర్వమున్న సామర్థ్యములో కొంత పోగొట్టుకొనియే ఆసుపత్రి విడిచిరి. దీనికి రోగమొక్కటే కారణము కాదు. ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 దినములు పడకమీదనే ఉంచి చూడగా, వారి కాళ్లలో కొవ్వు కాక మిగిలిన భాగము, ముఖ్యముగా కండ, సుమారు ఒక కిలోగ్రాము తగ్గినట్లు 2007లో తేలినది. ఆసుపత్రిలో దీనికి నిద్రలేమి, చాలని ఆహారము, మత్తు కలిగించు మందులు తోడగును.

సామర్థ్యమును కొలుచు సాధనమును సిడ్నీ కాట్జ్ అను వైద్యుడు, ఆయన సహచరులు 1963లో ప్రకటించిరి. స్నానము, దుస్తులు ధరించుట, మరుగుదొడ్డికి పోవుట, మంచము దిగి కుర్చీలో కూర్చొనుట, మలమూత్రములను ఆపుకొనగలుగుట, భోంచేయుట - ఈ ఆరింటిలో ఎన్ని పరసహాయము లేక జరుగుచున్నవో చూతురు. సాధారణముగా స్నానము చేయు శక్తి ముందు పోవును. తినుశక్తి చివరివరకు నిలుచును. కోలుకొనునపుడు ఈ శక్తులు తిరిగివచ్చు క్రమము, పసిబిడ్డ వాటిని నేర్చుకొను క్రమమును పోలియుండుట విశేషము.

అయితే రోగి నేడేమి చేయగలడని మాత్రమే అడిగినచో చాలదు. రెండువారముల క్రిందట ఏమి చేయగలిగెనో కూడ అడుగవలెను. ఆ రెండింటి తేడాయే జబ్బువలన అప్పటికే జరిగిన నష్టము.

కెనడాలోని మాంట్రియల్ నగరమున 65 ఏండ్లు దాటినవారికై రూపొందించి 1999లో ప్రకటించిన పద్ధతిలో ఆరు ప్రశ్నలు మాత్రమే కలవు. జబ్బుకు ముందే పరసహాయము అవసరమైనదా? జబ్బుపడిన పిమ్మట ఆ అవసరము పెరిగినదా? గత ఆరుమాసములలో ఆసుపత్రిలో ఉండెనా? చూపు మందగించినదా? జ్ఞాపకశక్తి బాగుగా తగ్గినదా? దినమునకు మూడింటికంటె ఎక్కువ మందులు వాడుచున్నాడా? రెండింటికి గాని, అంతకు మించి గాని 'అవును' అని వచ్చిన రోగిని జాగ్రత్తగా పరీక్షింపవలెను. ఇది జల్లెడ వంటిది, తీర్పు కాదు.

గుర్తించినందువలన ప్రయోజనమేమి? అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున 651 మంది వృద్ధ రోగులను రెండు జట్లుగా విభజించి చూచిరి. ప్రతిదినము సామర్థ్యమును పరీక్షించి, రోగిని వీలైనంతగా నడిపించు ప్రత్యేక వార్డులో నూటికి 34 మంది, మామూలు వార్డులలో 24 మంది, చేరిననాటికంటె మెరుగై ఆసుపత్రి విడిచిరి. ఇది 1995లో ప్రకటింపబడినది.

ఈ పనిలో ఇంటివారికిని పాత్ర కలదు. తాతగారు జబ్బుకు ముందు ఏయే పనులు చేసికొనెడివారో డాక్టరుకు చెప్పగలవారు వారే. కళ్లజోడు, చేతికర్ర ఇంటివద్ద మరువరాదు. డాక్టరు అనుమతించిన వెంటనే ఆయనను లేపి నాలుగడుగులు నడిపింపవలెను. అన్నము ఆయన చేతితోనే తిననీయవలెను.