సముద్రపు గుర్రాల దేహనిర్మాణం – గృహ అక్వేరియం ఏర్పాటు

హిప్పోకాంపస్ ప్రజాతికి చెందిన సముద్రపు గుర్రాలు చేపలే. తోకరెక్క లేనందున వీటి ఈత మందం. కనుక అక్వేరియంలో నీటి ప్రవాహం నెమ్మదిగా సాగాలి; తోక చుట్టి నిలిచేందుకు ఆధారాలు అమర్చాలి. జత కట్టే వేళ ఇవి నిలువుగా పైకి లేస్తాయి కాబట్టి తొట్టికి ఎత్తు అవసరం.

జీర్ణాశయం లేనందున ఆహారం త్వరగా పేగు దాటిపోతుంది; రోజుకు రెండు మూడు సార్లు మైసిస్ రొయ్యలను అందించాలి. మిగిలిన మేత కుళ్లి అమోనియా పెరుగుతుంది. బలమైన వడపోతను, మందమైన ప్రవాహాన్ని ఏకకాలంలో సాధించడమే ఇందులోని అసలు సమస్య.

సముద్రంలో పట్టిన జీవులు శీతలీకరించిన మేతను సులభంగా స్వీకరించవు. అనేకం ఆకలితో క్షీణిస్తాయి. అందుచేత విదేశీ పెంపకందారులు తొట్లలోనే పుట్టిన జీవులను ఎంచుకుంటారు. భారతదేశంలో 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి రక్షణ కల్పిస్తున్నది. మన తీరంలో వీటిని పట్టి పెంచడం నేరం.