గోరంత కార్డు, కొండంత కథ

● ఫోన్‌లోనే ఉండే స్టోరేజ్‌కైనా, మనం విడిగా కొని వేసే మెమరీ కార్డుకైనా పుట్టిల్లు ఒకటే: ఫ్లాష్ మెమరీ. జపాన్‌లోని తోషిబా ఇంజినీరు ఫుజియో మసుఓకా దీని సృష్టికర్త. ఇప్పుడు రెండింట్లోనూ వాడే నాండ్ రకం 1987లో వెలుగు చూసింది.

● మెమరీ కార్డు పక్కన అయస్కాంతం పెడితే ఫొటోలు చెరిగిపోతాయని కొందరికి భయం. కార్డులో సమాచారం నిలిచేది అయస్కాంత శక్తితో కాదు, సూక్ష్మమైన గదుల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లతో. కాబట్టి ఇంట్లో ఉండే అయస్కాంతాలు దాన్నేమీ చేయలేవు.

● ఎస్‌డీ కార్డును 1999లో శాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా కలిసి తెచ్చాయి. దాని లోగోలో ‘డి’ అక్షరం గుండ్రటి డిస్కులా ఎందుకుంటుందో తెలుసా? ఆ లోగోను మొదట గీసింది డీవీడీ రాకముందు తలపెట్టిన ఓ డిస్కు కోసం. ఆ డిస్కు మార్కెట్‌కు రాలేదు, లోగో మాత్రం కార్డుకు దక్కింది.

● మైక్రో ఎస్‌డీ 2004లో ‘ట్రాన్స్‌ఫ్లాష్’ పేరుతో వచ్చింది. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం ఒక్క మిల్లీమీటరే. ఇన్నేళ్లలో సామర్థ్యం మెగాబైట్ల నుంచి టెరాబైట్లకు ఎగబాకినా కొలతలు మారలేదు.

● 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1లో సొంత స్టోరేజ్ 256 ఎంబీ మాత్రమే. కార్డు లేనిదే పని నడవదు. దానికి ఏడాది ముందొచ్చిన ఐఫోన్‌కు మాత్రం అసలు కార్డు స్లాటే లేదు, ఇప్పటికీ లేదు.

● శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్6తో 2015లో కార్డు స్లాట్ తీసేసింది. మరుసటి ఏడాది ఎస్7లో మళ్లీ పెట్టింది. 2021లో ఎస్21తో మళ్లీ తీసేసింది.

● తీసేయడానికి చెప్పే కారణాల్లో వేగం ముఖ్యమైనది. ఫోన్లలో ఎక్కువగా వాడే యూహెచ్‌ఎస్-1 కార్డులకు ఆ ప్రమాణం పెట్టిన హద్దు సెకనుకు 104 ఎంబీ. ఫోన్‌లోపలి స్టోరేజ్ కోసం 2022లో శామ్‌సంగ్ ప్రకటించిన యూఎఫ్‌ఎస్ 4.0 చిప్పు చదివే వేగం 4,200 ఎంబీ. అంటే 40 రెట్లు! పాట వినడానికి, సినిమా చూడటానికి కార్డు వేగమే ఎక్కువ. తేడా బాగా తెలిసేది కార్డులో యాప్‌లు పెట్టినప్పుడు. అందుకు కొనేవారు కార్డు మీద ‘ఏ1’, ‘ఏ2’ గుర్తులు చూడాలి.

● రెండు సిమ్‌లు వాడే మన దేశంలో ఇంకో చిక్కు. చాలా ఫోన్లలో రెండో సిమ్‌కూ మెమరీ కార్డుకూ ఒకటే చోటు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. సెల్ దుకాణానికి వెళ్లి కార్డులో పాటలు ఎక్కించుకున్న తరానికి ఈ బేరం కాస్త కష్టమే.

● 128 జీబీ కార్డును విండోస్ కంప్యూటర్‌లో పెడితే 119 అని చూపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. అసలు మోసం నకిలీ కార్డులది: లోపల ఉన్నది 8 జీబీ అయినా 512 అని ఫోన్‌ను నమ్మిస్తాయి. ఆ ఎనిమిదీ నిండాక వేసిన ఫైళ్లు గల్లంతే.

● ఫోన్ పగిలి ఆన్ కాకపోయినా కార్డును బయటికి తీసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు. ఇప్పటి ఫోన్లలో ఇంటర్నల్ స్టోరేజ్ సంకేతభాషలో ఉంటుంది కాబట్టి చిప్పు ఊడదీసినా అర్థమయ్యేది ఏమీ దొరకదు. ఫోన్ దొంగ చేతికి చిక్కితే అదే మనకు రక్ష. మామూలుగా వాడే కార్డుకు ఆ తాళం ఉండదు, దొరికినవాళ్లు ఎవరైనా చూడొచ్చు. కాబట్టి పాటలు, సినిమాలు కార్డులో వేసుకోండి, బ్యాంకు కాగితాలు ఫోన్‌లోనే ఉంచండి. పెళ్లి ఫొటోలకు మాత్రం రెండూ చాలవు, మూడో చోట ఇంకో కాపీ ఉండాల్సిందే.