నీళ్ళ మీద ముగ్గు - పుస్తకానికి ముస్తాబు

వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీల్ని వారం వారం చించి దాచుకుని, కథ పూర్తవగానే బైండింగ్ చేయించుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నంద్యాలైనా, ఆళ్లగడ్డైనా ఆ బైండు పుస్తకం చేతులు మారుతూ వీధంతా తిరిగొచ్చేది! వీపుకీ మూలలకీ కాలికో గుడ్డ. అట్ట మీద మాత్రం మబ్బు తెరల్లా, నెమలి కన్నుల్లా రంగులు అల్లుకుపోయిన కాగితం. దాన్ని ఎప్పుడైనా పరిశీలనగా చూశారా?

దాని పేరు అబ్రీ కాగితం. పారశీకంలో ‘అబ్ర్’ అంటే మబ్బు. ఇంగ్లీషువాళ్ళు దాంట్లో చలువరాతి చారలు చూసి మార్బుల్ పేపర్ అన్నారు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు విన్నవాళ్ళకి, బేతంచెర్ల బండల మీద నడిచినవాళ్ళకి రాతి అందం వేరే చెప్పాలా! ఏ రెండు రాళ్ళ చారలూ ఒక్కలా ఉండవు. ఈ కాగితమూ అంతే.

ఇదేదో పరాయి సరదా అనుకోకండి. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల ఏలుబడిలో ఈ పద్ధతిలో ఏకంగా బొమ్మలే వేశారు. బక్కచిక్కిన గుర్రం, దాని మీద రౌతు ఉన్న అలాంటి బొమ్మ ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. సుమారు 1625 నాటిది. ఇదే కళను టర్కీలో ‘ఎబ్రు’ అంటారు. 2014లో యునెస్కో దాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

అసలు రహస్యం మన పోపుల పెట్టెలోనే ఉంది! రంగు తేలాలంటే నీళ్ళు కాస్త బంకగా ఉండాలి. పూర్వం అందుకు మెంతులు నానబెట్టిన జిగురు వాడేవారు. కాగితానికి ముందుగా పటిక నీళ్ళు పూస్తే రంగు గట్టిగా పట్టుకుంటుంది.

ఇంట్లో చేసుకోవడానికి తేలిక పద్ధతి చెబుతాను. వంటకు వాడని పాత ట్రేలో రెండంగుళాల లోతు నీళ్ళు పోయండి. రెండు మూడు ఆయిల్ పెయింట్ రంగుల్ని విడివిడిగా టర్పెంటైన్‌తో పల్చగా కలిపి, పుల్లతో చుక్కలు వేయండి. చుక్క మునిగిపోతే ఇంకాస్త టర్పెంటైన్ కలపాలి. మరీ పాకిపోయి రంగు వెలిసినట్టుంటే అది ఎక్కువైందన్నమాట. సూదితో మెల్లగా దువ్వండి, ముగ్గు దానంతటదే పడుతుంది. కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని, మధ్యభాగం ముందు తగిలేలా నీళ్ళపై పరచండి. గాలి బుడగ చేరితే అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. వెంటనే లేపి, రంగు వైపు పైకి ఉంచి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యి దగ్గర మాత్రం వద్దు!

ఇక ఆ కాగితం దేనికంటారా? ప్రతి ఇంట్లో అమ్మదో, అత్తగారిదో ఒక పాత నోటుబుక్కు ఉంటుంది. ఊరగాయల కొలతలు, మంగళహారతులు, పిల్లలు పుట్టిన తిథులూ అన్నీ అందులోనే. కుట్లు గట్టిగా ఉంటే అట్టల మీద మైదా జిగురుతో మీ కాగితం అంటించి, రాత్రంతా బరువు కింద పెట్టండి. పురుగు పట్టకుండా బైండింగువాళ్ళు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ జోలికి పోకండి. చిరిగిన పేజీలకి సెల్లో టేపు కూడా వద్దు, కొన్నేళ్ళకి పసుపు మరక మిగుల్చుతుంది.

కుట్లు ఊడిపోయి ఉంటే బైండరుకే ఇవ్వండి. మీ కాగితమే అట్టకి వేయమనండి. ఇచ్చేటప్పుడు ఒక్క మాట మరిచిపోకండి: “అంచులు కత్తిరించొద్దు” అని. పుస్తకం నీటుగా ఉండాలని వాళ్ళు మూడు వైపులా కోసేస్తారు. అత్తగారు ఆవకాయకి ‘ఈ ఏడు ఉప్పు తగ్గించాలి’ అని రాసుకున్నది ఆ అంచులోనే ఉంటుంది. కాగితం మళ్ళీ చేసుకోవచ్చు, ఆ చేతిరాత మళ్ళీ రాదు కదా!