ఫలం చెప్పే ఊరు

సంఘ చరిత్ర చదివినవారికి ఇటలీలోని పీడ్‌మాంట్ అనగానే వాల్డెన్సీయులు గుర్తుకొస్తారు. విశ్వాసం కోసం శతాబ్దాలపాటు ఆ కొండలోయల్లో హింసను సహించిన ప్రజలు వారు. అదే పీడ్‌మాంట్ దక్షిణ భాగంలో లాంగే కొండలున్నాయి. బరోలో అనే పేరుగాంచిన ఎర్ర ద్రాక్షారసం పుట్టిల్లు అదే.

ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. తాగుడు వల్ల మన ఇళ్లలో తల్లులు కార్చిన కన్నీరు మనకు తెలుసు. అయితే ద్రాక్షవల్లి, తోట, ఫలము అనే మాటలు మన బైబిలు నిండా ఉన్నాయి. ద్రాక్షతోటల మధ్య పెరగని మనకు ఆ మాటల బరువు తెలియాలంటే ఒక తోటనైనా దగ్గరగా చూడాలి.

బరోలోకు వాడేది నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్ష. అది ముందుగా చిగురించి, ఆలస్యంగా, సాధారణంగా అక్టోబరులో పండుతుంది. అందుకే ఎండ బాగా తగిలే కొండవాలుల్లోనే నాటుతారు. దాని రసం రంగు పలచని ఎరుపు. ఏళ్లు గడిచేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతుంది. గులాబీ, తారు వాసనలు అందులో కలిసి ఉంటాయని రుచి తెలిసినవారు చెబుతారు. కొత్తలో వగరు నోటిని పట్టేస్తుంది. ఆ వగరు మెత్తబడడానికి కాలం కావాలి. అందుకే కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుండి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో నిలవ ఉంచాలని నియమం.

ఇక మట్టి సంగతి. లా మొర్రా గ్రామపు రసం మృదువుగా, పరిమళంగా ఉంటుందని పేరు. కొద్ది కిలోమీటర్ల దూరంలోని సెర్రలుంగాలో అదే ద్రాక్ష గట్టి రసాన్నిస్తుంది. అది మెత్తబడడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది. తీగ ఒకటే, నేల వేరు. అందుకే 11 గ్రామాల పరిధిలో పండిన ద్రాక్షకే బరోలో పేరు దక్కుతుంది. 1980లో ఇటలీ ప్రభుత్వం దానికి తన అత్యున్నత హామీ ముద్ర ఇచ్చింది.

ఒక పేరుకు ఇంత కాపలా ఎందుకు? 1986లో బరోలోకు సమీపంలోని నార్జోలేలో కొందరు వ్యాపారులు చవక ద్రాక్షారసంలో ఘాటు పెంచడానికి మిథనాల్ కలిపారు. అది తాగి 20 మందికి పైగా చనిపోయారు. కొందరు చూపు కోల్పోయారు. అది బరోలో కాదు. అయినా విదేశాల్లో ఇటలీ సరుకంతటి మీదా అనుమానం పడింది. తప్పు కొందరిది, నింద నిజాయితీగా పండించిన రైతులందరిదీ అయింది.

ఈ మాట మనకు దూరమైనది కాదు. మన అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరేచోటి గింజలను ఆ పేరుతో అమ్మితే మోసపోయేది కొన్నవాడొక్కడే కాదు. కొండమీద చెట్టు చెట్టునూ సాకిన గిరిజన రైతు కూడా.

ప్రియ చదువరీ, అంతియొకయలో మొదట శిష్యులకు పెట్టిన పేరును మనమూ మోస్తున్నాం. ఆ పేరు మన ఇంటి గుమ్మం మీద ఉంది. లోపల ఏముందో పొరుగువారికి మన మాట, మన తూకం, మన లెక్కలు చెబుతాయి. అక్కడ కల్తీ జరిగితే నింద మన ఒక్కరితో ఆగదు.