ఆట నేర్పడం కూడా ఒక విద్యే

కోనసీమలోని అమలాపురానికి చెందిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14వ తేదీన జపానులోని సోకా పట్టణంలో కొట్టిన షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. బాడ్మింటన్‌లో పురుషుల దెబ్బకు అంతటి వేగం అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. అదే సంవత్సరం అతడు చిరాగ్ షెట్టితో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో డబుల్స్ స్వర్ణపతకం గెలిచాడు. ఇది మన విద్యార్థులలో చాలామందికి తెలిసిన సంగతే. అయితే అతని తండ్రి వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాడనే విషయాన్ని కూడా గమనించాలి. ఆట తెలిసినవారు, నేర్పడం తెలిసినవారు ఇంట్లోనే ఉండడం ఏ కొద్దిమందికో దక్కే అదృష్టం.

మిగిలిన పిల్లలకు నేర్పేదెవరు? డెల్టా గ్రామాలలో సాయంకాలం వాలీబాల్ గాని, కబడ్డీ గాని నేర్పేది సాధారణంగా ఆ ఊళ్లోనే ఒకప్పుడు బాగా ఆడిన యువకుడు. అతనికి జీతం లేదు. ఆటమీద ఉన్న ప్రీతి ఒక్కటే ఉంది. అటువంటివారు లేకపోతే అనేక గ్రామాలలో ఆటలే ఉండవు. కాని బాగా ఆడగలవాడు బాగా నేర్పగలడా? ఈ ప్రశ్నను కొంచెం పరిశీలిద్దాం.

షటిల్‌ను బలంగా కొట్టాలంటే మణికట్టును విదిలించాలని చాలామంది ఆటగాళ్లు చెబుతారు. మీరొక చిన్న ప్రయోగం చేయండి. మోచేతిని ఒంటికి ఆనించి, అరచేతిని పైకి పెట్టి, తరువాత కిందికి తిప్పండి. మణికట్టు వంగలేదు. ముంజేతిలోని రెండు ఎముకలలో ఒకటి రెండవదానిమీదుగా తిరిగింది. వేగంగా తీసిన చలనచిత్రాలను శాస్త్రజ్ఞులు పరిశీలించగా, దెబ్బలోని బలంలో ఎక్కువ భాగం ముంజేయి ఇలా తిరగడంవల్లను, భుజంవద్ద పైచేయి లోపలికి తిరగడంవల్లను వస్తున్నట్లు తేలింది. ఆటగాడు అబద్ధం చెప్పలేదు. తనకు తోచినది చెప్పాడు. శరీరం చేసే పని, మనకు తోచే పని ఒకటి కాకపోవచ్చు. అందుకే నేర్పేవానికి తన అనుభవంతోబాటు శాస్త్రజ్ఞానం కూడా కావాలి.

ఈ జ్ఞానం లేకపోతే ఆట సరిగా రాకపోవడమే కాదు, ప్రాణానికే ముప్పు రావచ్చు. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని శరీరంనుంచి తీసుకుపోతుంది. కాని మన సముద్రతీరంలో వేసవి గాలి తేమతో నిండి ఉంటుంది. చెమట ఆవిరి కాకుండా కారి నేలపాలవుతుంది. కారిన చెమట శరీరాన్ని చల్లబరచదు. కాబట్టి మే నెలలో మిట్టమధ్యాహ్నం అభ్యాసం చేయించడం, ఆట మధ్యలో నీళ్లు తాగవద్దనడం చాలా ప్రమాదకరం. ఎండలో ఆడే పిల్లవాడు తూలుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే ఆట ఆపి, నీడకు చేర్చి, ఒంటినిండా చన్నీళ్లు పోసి చల్లబరచాలి. ఆ పని జరుగుతూండగానే వైద్యసహాయానికి కబురు చేయాలి. ఈ ఒక్క పాఠం తెలిసినవాడు ఆటస్థలంలో ఉంటే ఒక ప్రాణం నిలవవచ్చు.

మరొక విషయం. ఎనిమిదవ తరగతిలో ఒకే వయస్సు పిల్లలు పక్కపక్కన నిలబడితే ఒకడు పెద్దవాడిలాగ, మరొకడు చిన్నపిల్లవాడిలాగ కనబడతారు. ఎముకల ఎదుగుదలనుబట్టి చూస్తే వారిమధ్య మూడు, నాలుగేళ్ల తేడా కూడా ఉండవచ్చు. ఈ సంగతి తెలియని శిక్షకుడు ఎత్తయినవానినే జట్టులోకి తీసుకుంటాడు. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు నిరాశపడి ఆటే మానేస్తాడు. అతడే రెండేళ్ల తరువాత అందరికంటె మేటి కావచ్చు.

నేర్పడాన్ని నేర్పే ప్రయత్నాలు మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలోనే, 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించాడు. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఆరంభమైంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. ఉపాధ్యాయుని నేర్పు ఆటస్థలంలో ఎంత పని చేయగలదో దీనినిబట్టి గ్రహించవచ్చు.

నేడు పటియాలా సంస్థలో ఏడాది డిప్లొమాతోబాటు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ఫుట్‌బాల్ సమాఖ్య మెట్టుమెట్టుగా శిక్షణ ఇస్తుంది. ప్రపంచ బాడ్మింటన్ సమాఖ్య 2012లో ప్రారంభించిన ‘షటిల్ టైమ్’ పథకం ప్రత్యేకించి పాఠశాల ఉపాధ్యాయులకోసం 22 పాఠాలను సిద్ధం చేసింది. అంటే పైమెట్లు ఉన్నాయి. పొలంపని చేసుకుంటూ సాయంకాలం పిల్లలను ఆడించే యువకునికి అందే మొదటి మెట్టే మన గ్రామాలలో కావలసి ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆనకట్ట కట్టినంతమాత్రాన పొలం తడవదు. ప్రధాన కాలువ, పిల్లకాలువ, చివరకు పంటబోదె ఉంటేనే నీరు చేను చేరుతుంది. క్రీడావిద్యకు ఆ పంటబోదె ఉన్నత పాఠశాలే కాగలదు. వ్యాయామోపాధ్యాయుడు నెలకొక ఆదివారం చుట్టుపక్కల గ్రామాలలో ఆటలు నేర్పేవారిని, మాజీ క్రీడాకారిణులతో సహా, పిలిచి నాలుగు విషయాలు నేర్పవచ్చు: ఎండనుంచి రక్షణ, ప్రథమచికిత్స, వయస్సుకు తగిన అభ్యాసం, పిల్లలతో మర్యాదగా మెలగడం. జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు చెమట గురించి, ఎముకల గురించి చెప్పవచ్చు. భౌతికశాస్త్రం బోధించేవారు బంతి గమనాన్ని వివరించవచ్చు. ఆసక్తి చూపినవారిని ఆరు వారాల కోర్సుకు పంపవచ్చు. వారు తిరిగివచ్చి మరి పదిమందికి నేర్పుతారు.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఒక గది, ఒక నల్లబల్ల, పాఠశాల ఆటస్థలం చాలు. మీ ఊరిలో సాయంకాలం పిల్లలను ఆడిస్తున్నది ఎవరో విద్యార్థులు విచారించి మీ మాస్టారికి చెప్పండి. పని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.